పచ్చసొన వాలిన వైపు

ఏటిమొగలో లోవలక్ష్మి ఇంట్లో పొద్దున టిఫిను అంటే కిటికీ బ్రెడ్డే. ఇడ్లీకి పప్పు నానబోసే ఓపిక ఆదివారం తప్ప ఆమెకి ఉండదు. అయినా వేటకెళ్లిన మనిషి ఏ వేళకి గుమ్మంలో నిలబడతాడో తెలియని ఇంట్లో చిటికెలో అయ్యే టిఫినే మంచిది. బ్రెడ్డు ముక్క మీద స్టీలు గ్లాసు బోర్లించి నొక్కితే మధ్యలో గుండ్రటి తునక ఊడొస్తుంది. కన్నం పడిన ముక్కని నూనె రాసిన పెనం మీద వేసి, కన్నంలో గుడ్డు కొట్టి పోసి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి మూత పెడితే సరి. ఊడొచ్చిన తునకని పక్కనే కాల్చి పంచదార అద్ది ఇస్తే కూతురు అశ్విని ముందు దాన్నే తింటుంది. కిటికీ బ్రెడ్డని పేరు పెట్టింది కూడా ఆ పిల్లే. మూడో క్లాసు పిల్ల పెట్టిన పేరుకి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆ కిటికీలో పచ్చసొన మాత్రం అన్ని రోజులూ ఒక్కచోట కూర్చునేది కాదు. ఇంట్లోవాళ్లంతా ఇంట్లో ఉన్నరోజు బుద్ధిగా మధ్యలో ఉండేది. లోవలక్ష్మి భర్త బుజ్జిబాబు సముద్రం మీద ఉన్నరోజు అతనున్న వైపుకి వాలేది. పెనం తిప్పి పెట్టినా లాభం లేదు. గుడ్డు గట్టిపడేలోపు మెల్లగా జరిగి మళ్లీ అటే చేరేది.

"లోవా, ఎటుందే?" అని పొద్దున్నే గోడ అవతల నుంచి పక్కింటి సత్యవాణి కేకేసేది.

"తూర్పే పిన్నీ. కొంచెం ఇటు జరిగింది. ఇంకాసేపట్లో వచ్చేస్తాడు."

దాన్నిబట్టి సత్యవాణి చేపల బుట్ట కడిగి సిద్ధం చేసుకునేది. లోవలక్ష్మి టీకి నీళ్లు పెట్టేది. వాతావరణం కబుర్లకి టీవీ ఉన్నట్టు, బుజ్జిబాబు కబుర్లకి ఆ పెనం ఉంది. వీధిలో ఎవరికీ అందులో వింతేమీ కనబడలేదు.

ఆ పెనం సామర్లకోట నుంచి లోవలక్ష్మి పుట్టింటివాళ్లు పెట్టిన సామానులో వచ్చింది. వచ్చిన కొత్తలో ఓసారి అత్తగారు నూకరత్నం సరదాపడి దాని మీద తనే గుడ్డు పోసింది. ఆ రోజు బుజ్జిబాబు అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. అయినా సొన ఆగ్నేయానికి వాలి, తెల్లసొన అంచుకి అతుక్కుపోయింది. మర్నాడూ అంతే. నూకరత్నం మొగుడు పాత తుఫానులో ఆ వైపే వెళ్లి మళ్లీ రాలేదు. వండేవాళ్ల మనసు ఎవరి మీద ఉంటే సొన వాళ్ల వైపు చూస్తుందని అప్పుడు తెలిసింది. నూకరత్నం గరిటె కోడలి చేతిలో పెట్టేసి, "ఈ పెనం నీదేలేవే" అంది. మళ్లీ ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు.

ఒక సోమవారం బుజ్జిబాబు టీ వేళకి రాలేదు. అతనిది ఒక్కడే నడుపుకునే చిన్న ఇంజిన్ నావ. ఒడ్డుకి దగ్గరలోనే వల వేసి, ఎండెక్కకుండా వచ్చేస్తాడు. ఫోను చేస్తే మోగలేదు. లోవలక్ష్మి రెండోసారి బ్రెడ్డు కాల్చింది. సొన తూర్పు వదిలేసి దక్షిణానికి వాలి ఉంది.

తెల్లారేసరికే ఒడ్డు మీద నుంచి గాలి గట్టిగా సముద్రం లోపలికి కొట్టిందని అందరికీ తెలుసు. ఇంజిన్ ఆగిపోతే నావ ఎటు కొట్టుకుపోతుందో చిన్నపిల్లలైనా చెప్తారు. పెద్ద బోటున్న సత్తిరాజు మనుషుల్ని పోగుచేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"దక్షిణమంటే దక్షిణంగా లోతుకి పోయుంటాడమ్మాయ్. ఆ పెనం ఇటియ్యి, బోటులో స్టవ్ ఉంది. దారిలో చూసుకుంటూ పోతాం."

లోవలక్ష్మి పెనం ఇచ్చేసింది. బ్రెడ్డు పొట్లం, గుడ్లు, కోసుకోవడానికి స్టీలు గ్లాసు కూడా ఇచ్చింది. మిరియాలపొడి డబ్బా మర్చిపోయానని బోటు కదిలాక పరుగెత్తుకెళ్లి విసిరింది. కంగారులో మనిషి అసలు సంగతి మర్చిపోయి మిరియాలు గుర్తుపెట్టుకుంటాడు. నూకరత్నానికీ ఆ ఘడియలో ఏమీ తోచలేదు.

సాయంత్రం ఎండ వాలుతుండగా బోటు తిరిగొచ్చింది. ఒడ్డు చేరకముందే సత్తిరాజు రెండు చేతులూ ఊపుతున్నాడు.

"ఒడ్డెక్కేశాడమ్మా! లోతుకెళ్లి గుడ్డేస్తే సొన పడమరకి వాలింది. ఇంకాస్త వచ్చి వేశాం, పడమరే. అదే పట్టుకుని వచ్చేశాం. ఇప్పుడు రేవులో వేసినా పడమరే చూపిస్తోంది. ఎవరో గట్టెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లుంటారు. పదండి, పదండి!"

వీధంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. సత్యవాణి కళ్లు తుడుచుకుంది. ఇద్దరు మోటార్‌సైకిల్ తీశారు కూడా. లోవలక్ష్మి మాత్రం పెనం వంకే చూస్తూ అడిగింది.

"బాబాయ్, గుడ్డు ఎవరు పోశారు?"

"నేనేనమ్మా. కుర్రాళ్లని నమ్మితే సొన పగలగొడతారని ప్రతిదీ నా చేత్తోనే పోశాను."

"మీ అమ్మాయి రమ్యశ్రీ ఎక్కడుంది?"

"అదా? నిడదవోల్లో అత్తారింట్లో. దానికి నెలలు నిండాయి కదా, ఎప్పుడు ఫోనొస్తుందోనని నాకు..." అంటూ సత్తిరాజు ఆగిపోయాడు. నిడదవోలు ఉన్నది పడమరేనని అతనికి తెలుసు. ఇసకలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

లోవలక్ష్మికి ఏడవడానికి కూడా తీరిక లేదు. అక్కడే బోటు స్టవ్ వెలిగించి గుడ్డు పోసింది. సొన వణుకుతూ కదిలి, దక్షిణం వైపు అంచుకి వెళ్లి ఆగింది.

"సొన తూర్పుకి ఏమాత్రం జరగలేదు బాబాయ్. లోతుకి పోలేదు. దక్షిణాన ఉన్న మడ అడవుల్లోకి కొట్టుకెళ్లాడు."

కోరంగి మడల్లో పాయలు జడలు విప్పినట్టు ఉంటాయి. ఒక్కోటి ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో అందులో పీతలు పట్టేవాళ్లకే సరిగ్గా తెలియదు. పైగా పాటుకి నీళ్లు బాగా తీసేసి ఉన్నాయి. చీకట్లో బురదలో బోటు దిగబడితే వెతికేవాళ్లని వెతకడానికి ఇంకో బోటు కావాలి. తెల్లారి పోటుతో లోపలికి వెళ్దామన్నారు. ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పకపోవడమే మంచిది. తాగడానికి నీళ్ల సీసా ఒక్కటే పట్టుకెళ్లాడన్నది మాత్రం లోవలక్ష్మి మనసులోంచి పోలేదు.

తెల్లారేసరికి గుమ్మం ముందు గుడ్లున్నాయి. ఎవరినీ ఎవరూ అడగలేదు. సత్యవాణి కొంగులో మూటకట్టి తెచ్చింది. చర్చి పక్కింటి సువార్తమ్మ గారు తన కోడి పెట్టిన నాటుగుడ్లు గిన్నెలో పెట్టి పంపించారు. బేకరీ అతను బ్రెడ్డు పొట్లాలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. అవన్నీ బుట్టలో సర్దుతుంటే లోవలక్ష్మికి గుండె నిండిపోయింది. ఇంతమంది తలుచుకుంటున్న మనిషికి ఏమీ కాదని, కాకూడదని, పైకే అనుకుంది.

బుట్టా పెనమూ పట్టుకుని బోటు దగ్గరికి వెళ్లేసరికి సత్తిరాజు తల దించుకుని నిలబడ్డాడు.

"నిన్న నేను చేసిన పనికి మాట్లాడే మొహం లేదు గానీ... ఆడమనిషి బోటెక్కడం మన ఒడ్డున లేదమ్మాయ్. మిగతావాళ్లు భయపడుతున్నారు. వేటకెళ్లే బోటు, గంగమ్మకి కోపం వస్తుందేమోనని."

లోవలక్ష్మి నోరు తెరిచేలోపు వెనక నుంచి నూకరత్నం వచ్చింది. ఆమె ఒడ్డుకి రావడం ఆ తుఫాను తర్వాత ఎవరూ చూడలేదు.

"ఏరా సత్తిరాజూ, ఆడది వేటకెళ్లకూడదన్నారు. మొగుడికి టిఫిను పట్టుకెళ్లకూడదని ఎవరన్నారు?"

సత్తిరాజు ఆలోచించాడు. వెనకున్నవాళ్లూ ఆలోచించారు. తాతల నాటి నుంచి తెలిసిన కట్టుబాట్లన్నీ ఒక్కసారి తిరగేసుకున్నా టిఫిను మాట ఎక్కడా తగల్లేదు.

"అమ్మాయి ఎక్కడానికి బల్ల వెయ్యండ్రా" అన్నాడు సత్తిరాజు.

మడల్లోకి వెళ్లాక లోవలక్ష్మి స్టవ్ ఆర్పనే లేదు. పాయ చీలిన ప్రతిచోటా బోటు ఆపించి గుడ్డు పోసేది. సొన ఎడమకి వాలితే ఎడమకి, కుడికి వాలితే కుడికి తిప్పేవాళ్లు. కాలిన బ్రెడ్డు పారేయడానికి ఎవరికీ మనసొప్పక, బోటులో వాళ్లే తలా ఒకటి తిన్నారు. కొంతసేపటికి తినలేక చేతిలో పట్టుకుని కూర్చున్నారు. బోటు ముందు నిలబడ్డవాళ్లు "బుజ్జీ! ఒరేయ్ బుజ్జీ!" అని అరుస్తూనే ఉన్నారు. కొంగలు లేచి ఎగిరిపోవడం తప్ప జవాబు లేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. పోటు నిలిచి, నీళ్లు మళ్లీ తీయడం మొదలైంది. బుట్టలో ఒక్క గుడ్డు మిగిలింది. ముందు మూడు పాయలున్నాయి.

ఆ గుడ్డు కొడుతుండగానే బోటు అడుగు బురదకి తగిలి కుదిపింది. పెంకు నలిగింది. సొన చితికి, పసుపంతా తెల్లసొనలో కలిసిపోయింది. సత్తిరాజు "అయ్యో" అన్నాడు. లోవలక్ష్మి పెనం అంచు రెండు చేతులతో పట్టుకుని, వేళ్లు కాలుతున్నా వదలకుండా, "ఒక్కసారి, ఈ ఒక్కసారి చూపించమ్మా" అంది. పెనంతో అన్నదో, గంగమ్మతో అన్నదో, సువార్తమ్మ గారి కోడితో అన్నదో ఆమెకే తెలియదు.

చితికిన సొన కిటికీలో నిలవలేదు. సన్నని ధారగా బ్రెడ్డు అంచు దాటింది. పెనం మీద పాకింది. పెనం ఇటు వాలి ఉన్నా, ఎత్తుకి ఎదురెక్కి, అటు చివర అంచు మీద నుంచి టప్‌మని బల్ల మీద పడింది. మధ్య పాయ కాదు, కుడిది కాదు. అన్నిటికన్నా ఇరుకుగా, కొమ్మలు మూసేసిన ఎడమ పాయ.

బోటు అందులో పట్టదు. సత్తిరాజు నడుము లోతు బురదలోకి దూకేశాడు, వెనక ఇంకో ఇద్దరు. కొమ్మలు విరుగుతున్న చప్పుడు వినబడింది. చాలాసేపు అదే వినబడింది. తర్వాత సత్తిరాజు గొంతు, అరుపో ఏడుపో తెలియకుండా, "ఉన్నాడు! ఉన్నాడమ్మాయ్, ఊపిరుంది!" అంది.

ఆగిన ఇంజిన్ బాగుచేయబోతే తాడు చుట్టుకుని బుజ్జిబాబు చెయ్యి మోచేతి దాకా చీరుకుపోయింది. నావ కొమ్మల్లో ఇరుక్కుంది. ఫోను నీళ్లపాలైంది. సీసాలో నీళ్లు ముందురోజే అయిపోయాయి. ఒళ్లు కాలిపోతోంది. ఇంకో పూట ఆలస్యమైతే ఏమయ్యేదో బోటులో అందరికీ తెలుసు.

చేతికి గుడ్డ కట్టి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగించారు. పాయలోంచి బోటు బయటపడే దారిలో బుజ్జిబాబు కళ్లు తెరిచి, పెనం మీదున్న ఆఖరి ముక్క వంక చూశాడు. లోవలక్ష్మి దాన్ని తుంచి నోట్లో పెట్టింది. అతను మెల్లగా నమిలి మింగాడు. రెండో ముద్ద దగ్గర ఆగాడు.

"సొనేదే?"

"నిన్ను వెతకడానికెళ్లింది బావా."

అతను నవ్వబోయి దగ్గాడు. ఆమె నవ్వబోయి ఏడ్చింది. మిగిలిన ముక్క తినిపిస్తూ, పేరు పేరునా గుడ్లు ఇచ్చినవాళ్లందరినీ తలుచుకుంది, సత్తిరాజునీ తలుచుకుంది. నిన్న అతను చేసిన పొరపాటు కన్నా, ఇవాళ బురదలోకి దూకిన దూకే ఆమెకి గుర్తుండిపోయింది.

మడలు దాటి అఖాతంలోకి రాగానే సిగ్నల్ వచ్చింది. వచ్చీరాగానే లోవలక్ష్మి ఫోను మోగింది. అటు నూకరత్నం. ఎప్పుడో ఒకసారి ఇదే ఒడ్డున నిలబడి, అడగకూడని ప్రశ్న అడిగి, వినకూడని జవాబు విన్న మనిషి ఆమె. ఆ ప్రశ్న మళ్లీ అడగడానికి ఆమెకి నోరు రాలేదు.

"లోవా" అంది. "తిన్నాడా?"

"తిన్నాడత్తా."