వేవ్ పూల్‌కు ఐదు వేలు

సంపత్‌కు ముప్పై తొమ్మిదేళ్లు. సిరిసిల్లలో పుట్టి, సిరిసిల్లలోనే మరమగ్గాల మీద పాలిస్టర్ బట్ట నేస్తూ పెరిగినవాడు. సముద్రం చూడలేదు. అయితే హైదరాబాద్ అవతల ఏదో పార్కులో మిషన్లతో అలలు లేపుతారనీ, ఆ అలల్లో జనం కేకలు పెడుతూ తేలుతారనీ ఫోనులో చూసిన రోజు నుంచి అతని మనసు అక్కడే ఉండిపోయింది. మగ్గాల చప్పుడులో మాట వినబడకపోయినా, కండె మార్చే సందు దొరికితే చాలు, ఆ వీడియోనే మళ్లీ మళ్లీ చూసేవాడు.

ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఇంత మనిషి నీళ్లలో ఆడుకుంటానంటే నవ్వరా? అందుకని బిడ్డ మీద పెట్టి చెప్పాడు.

"దీపిక ఈ ఏడు ఎనిమిది పాసైతది గద నవతా. పిల్లను ఒక్కసారి గా పార్కుకు తీస్కపోదాం. పాపం, మనం యాడికి తీస్కపోయినం?"

నవత బీడీల చాట మీంచి తలెత్తి అతని మొహంలోకి చూసింది. ఏమనుకుందో ఏమో, "పోదాం తీ" అన్నది.

వారం వారం కూలీలోంచి కొంత పక్కన పెడుతూ వస్తే నాలుగు నెలలకు ఐదు వేలయ్యాయి. వేసవి సెలవుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం దీపిక పాత నోటుబుక్కు ముందేసుకుని నలుగురూ కూర్చున్నారు. దీపిక ఫోనులో చూసి చెబుతుంటే సంపత్ రాశాడు. పార్కు టికెట్టు పెద్దవాళ్లకు పదకొండు వందలు. దీపిక ఎత్తు పెరిగింది కాబట్టి తనకూ అంతే. అరవై దాటినవాళ్లకు ఎనిమిది వందలని ఉంటే సంపత్ తల్లి సత్తమ్మ సంబరపడింది. "ముసలిదాన్నైనందుకు మూడు వందలు మిగిలినయి సూడు!"

బస్సు దగ్గర మరీ తేలికైంది. ఆడవాళ్లు ముగ్గురూ ఆధార్ కార్డు చూపిస్తే చాలు, టికెట్టు లేదు. సంపత్ ఒక్కడికే పోనురాను ఐదు వందల ఇరవై. సిటీ బస్సులకు ఇంకో వంద. ఆ నీళ్లలోకి మామూలు బట్టలతో దిగనివ్వరట, అక్కడే అద్దెకు తీసుకుంటే మనిషికి రెండు వందలు. తిండికి వెయ్యి. సామాను పెట్టుకునే లాకర్లు రెండు, రెండు వందలు.

కూడితే ఆరు వేల ఏడు వందల ఇరవై వచ్చింది.

సంపత్ పెన్ను పట్టుకుని చాలాసేపు ఆ లెక్క చూశాడు. అందరికంటే ఖర్చు ఎక్కువ ఎవరికి అవుతోందో అతనికే అర్థమైంది. తన పేరు కొట్టేస్తే నాలుగు వేల ఐదు వందల యాభై. హాయిగా సరిపోతుంది. పుస్తకం మూసేశాడు.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ, ఏమీ ఎరగనట్టు అన్నాడు. "ఆసామి సుట్టి ఇయ్యనంటుండు నవతా. ఆర్డరున్నదట. మీరు ముగ్గురు పోయిరాండ్రి."

ఆ మధ్యాహ్నం నవత అతనికి సద్ది తీసుకుని షెడ్డుకు పోయినప్పుడు, ఆ ఆసామి, మగ్గాల యజమాని శ్యాంసుందర్ వాకిట్లోనే కనబడ్డాడు.

"సేట్, ఒక్కదినం సుట్టి ఇస్తే ఏం పోయింది నీకు?"

"నేనెందుకు ఇయ్యనమ్మా? సంపత్ అడిగితే గద!" అన్నాడాయన ఆశ్చర్యంగా.

ఆ సాయంత్రం సంపత్ ఇంటికి వచ్చేసరికి ముగ్గురూ గడపలోనే ఉన్నారు. నవత గొంతు పెంచలేదు. "ఆసామి సుట్టి ఇస్తనన్నడు. ఇగ నువ్వేం జెప్తవో జెప్పు."

సంపత్ తడబడ్డాడు. "పైసలు సాలయి గదనే. పిల్లకోసం గద మనం పోయేది. నేను రాకుంటేంది?"

"బాపూ" అంది దీపిక నెమ్మదిగా. "నాకు నీళ్లంటే భయం. చెరువుల గూడ దిగ నేను. నీకు పోవాల్నని ఉన్నదని అమ్మ జెప్తే సరే అన్న."

సంపత్ నవత వైపు చూశాడు. ఆమె నవ్వు ఆపుకుంటోంది. "నిద్రల గూడ అలలు, అలలు అంటున్నవు. నాకు తెల్వదా?"

అతనికి ఎక్కడ చూడాలో తెలియక చెప్పులు విప్పడంలో పడ్డాడు. సత్తమ్మ మాత్రం ఊరుకోలేదు. "నువ్వు రాకుంటే ఎవల కోసం పోవుడు కొడుకా? గా బుక్కు తే, మళ్ల రాయి."

మళ్లీ కూర్చున్నారు. అద్దె బట్టలు వద్దంది నవత. పాలిస్టర్ అయితే పార్కువాళ్లు ఒప్పుకుంటారని దీపిక చూసి చెప్పింది. "పాలిస్టర్‌కు సిరిసిల్లల కరువా?" అంటూ మర్నాడే శ్యాంసుందర్ దగ్గర నీలం రంగు డ్యామేజీ ముక్కలు అడిగి తెచ్చి, పక్కింటి మిషన్ మీద నాలుగు జతలు కుట్టింది. సత్తమ్మ తిండి ఖర్చు తగ్గించింది. పొద్దున గేటు బయటా, సాయంత్రం బయటికి వచ్చాకా తినడానికి బియ్యప్పిండితో సర్వపిండి చేసి తెస్తానంది. లోపల చాయ్‌కు రెండు వందలు చాలు. నలుగురికి ఒక్క లాకరు చాలంది దీపిక. అన్నీ పోను ఐదు వేల ఇరవై. సత్తమ్మ కొంగుముడి విప్పి ఇరవై రూపాయల నోటు పుస్తకం మీద పెట్టింది.

బుధవారం తెల్లవారుజామున బయలుదేరారు. బస్సు నిండా ఆడవాళ్లే. టికెట్టు కొన్న సంపత్ సిద్దిపేట దాకా నిలబడే వచ్చాడు. సీట్లో కూర్చున్న నవత మాటిమాటికీ అతని వైపు చూసి నవ్వింది.

పార్కులో బట్టలు మార్చుకుని వచ్చేసరికి నలుగురూ నీలం రంగులో ఒక్క తీరుగా ఉన్నారు. ఎవరో పిల్లవాడు వాళ్లను పార్కు సిబ్బంది అనుకుని దారి అడిగాడు. సంపత్ తన చొక్కా అంచు పట్టుకుని వేళ్లతో నలిపి చూసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఎన్ని వేల మీటర్లు నేశాడో లెక్క లేదు. తాను నేసిన బట్ట తన ఒంటి మీదికి రావడం మాత్రం ఇదే మొదటిసారి.

వేవ్ పూల్ దగ్గర హారన్ మోగింది. మొదటి అల వచ్చి సంపత్ కాళ్లు లాగేసింది. ముక్కులోకి నీళ్లు పోయాయి. దగ్గుతూ లేచి, వెనక్కి తిరిగి, "అవ్వా, సూసినవా!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. సత్తమ్మ అంచున కూర్చుని, నడుము దాకా వచ్చిన నీళ్లను రెండు చేతులతో కొడుతూ ఎవరితోనో చెప్పుకుంటోంది, "గాడు మా కొడుకు" అని. దీపిక గంటసేపు మెట్టు మీదే కూర్చుని, తర్వాత నాయినమ్మ పక్కకు జరిగి, ఆ తర్వాత మోకాళ్ల దాకా దిగింది. అంతకంటే ముందుకు రాలేదు. ఎవరూ రమ్మనలేదు.

సాయంత్రం మూసే వేళయింది. జనం పలచబడ్డారు. సంపత్ ఇంకా నీళ్లలోనే ఉన్నాడు.

"ఇగ రా! బస్సు దొరకది" అని నవత కేకేసింది.

"ఇంకొక్కటి, ఒక్కటే!"

ఆమె విసుక్కుంటూ, పైజామా పైకి పట్టుకుని, అతన్ని లాక్కు రావడానికి నీళ్లలోకి నడిచింది. మోచెయ్యి దొరకబుచ్చుకునే సరికి హారన్ మోగింది. "అమ్మో!" అని వెనక్కి తిరగబోయింది. అప్పటికే అల లేచింది.

"నన్ను పట్టుకో, ఏంగాదు" అన్నాడు సంపత్.

ఇద్దరూ కలిసే మునిగారు. కలిసే తేలారు. నవత జుట్టంతా మొహం మీద పడింది, నోట్లోంచి నీళ్లు ఊసింది. తిట్టబోయిందో, నవ్వబోయిందో ఆమెకే తెలియలేదు.

"ఇంకోటి వస్తదా?" అని అడిగింది, అతని చెయ్యి వదలకుండా.