రొయ్య చేప కాదు గదా!

టైర్ల కొట్టు సింహాద్రినాయుడి పెళ్లాం గుండె ఆపరేషనై పెద్దాసుపత్రిలో ఉందట. ఆమె తన కాళ్ళ మీద ఇల్లు చేరేదాకా చేప ముట్టనని ఆయన పైడితల్లికి మొక్కుకున్నాడట. వారం తిరక్కుండానే నాలుక పీకుతుంటే, సంచీ పట్టుకుని బజారు చివర తచ్చాడుతున్నాడట. పక్క అరుగు మీద పీతలమ్మే నూకరత్నం మాటలివి. సగం తగ్గించి వినాలి.

నేను ఒక కడప బండను. రేవు బజారులో కాసులమ్మ నా మీదే చేపలు కోస్తుంది. నేను సముద్రం అడుగున బురదగా పేరుకున్న నాటికి తలా తోకా ఉన్న జీవి ఒక్కటీ పుట్టలేదు. నాకు తోడు కంటికానని సూక్ష్మజీవులు అల్లిన జిగురు పొరలే. ఎంత హాయిగా ఉండేదో! తరవాత గట్టిపడి రాయినయ్యాను. గనిలో పగలగొట్టి, లారీ ఎక్కించి, ఇక్కడ దించారు. నేను నిద్రపోయిన కాలంలో ఏం జరిగిందో నా మీద పడ్డ శవాలే చెప్పాయి.

వలలో చిక్కి వచ్చే జెల్లీచేపకు ఉన్నది ఒకటే కన్నం. తినడమూ, విసర్జించడమూ దానితోనే. ఆ తరవాతెప్పుడో ఏదో పురుగు ఒక దిక్కుకు పాకడం మొదలెట్టింది. ముందు కొస తలైంది, వెనక కొస తోకైంది. అక్కడినుంచి వంశం చీలింది. కొందరు గుల్ల కట్టుకుని నత్తలయ్యారు. కొందరు పెంకు తొడుక్కుని, కీళ్ళ కాళ్ళు పెట్టుకుని రొయ్యలూ పీతలూ అయ్యారు. కొందరు వెన్నెముకను లోపల దాచుకుని చేపలయ్యారు. కప్పా, బల్లీ, కాకీ ఆ చేపల సంతతే. సంచీ పట్టుకు తిరిగే నాయుడూ అంతే. రొయ్యకు పేగు వీపున, నరాల తాడు పొట్టకింద. చేపకు తిరగేసి. నాయుడికి చేపకున్నట్టే.

కత్తి దెబ్బలకు నా నడుమ గుంట పడింది. ఇన్ని ఆకారాలూ చివరికి తిండి వెతుక్కోవడానికేనా అని విసుగేస్తుంది.

ఇవాళ నాయుడు రానే వచ్చాడు. మాసిన గడ్డం, ఒంటినిండా ఆసుపత్రి వాసన.

“కాసులమ్మా, రొయ్య సేప కాదు గదే?”

“కాదు బాబూ. అమ్మగారికెలాగుంది?”

“ఇంకా మంచం దిగనేదే. నాను మొక్కింది సేప మాటే. రొయ్యకి ఎన్నుముక నేదు, దాని జాతే వేరని బడిలో సెప్పినారు.”

అక్షరాలా నిజం. సాక్ష్యం చెప్పగలిగింది నేనే, నాకు నోరు లేదు.

“అలాగైతే పీతా సేప కాదు, ఇటు రండి నాయుడూ!” నూకరత్నం పకపకా నవ్వింది.

కాసులమ్మ రొయ్యల తట్ట మీద చెయ్యి వేసింది. తూచలేదు.

“సేప కాదని నానే సెప్తాను. మరి ఆయమ్మ లెగాలని మొక్కినావా బాబూ, రొయ్యలు మిగుల్సుకుని మొక్కినావా?”