ఆగమన్న కార్డు

నేను ఒక టారో కార్డును. డెబ్బై ఎనిమిది కార్డుల కట్టలో నా నంబరు పన్నెండు. నా మీద ఒక మనిషి కర్రకు తలకిందులుగా వేలాడుతుంటాడు. ఉరి అనుకుని కంగారు పడకండి. తాడు కట్టింది మెడకు కాదు, ఒక పాదానికి. రెండో కాలు మడిచి, చేతులు వెనక్కి పెట్టుకుని, తల చుట్టూ పసుపుపచ్చని వెలుగుతో, భోజనం చేసి నడుం వాల్చినవాడంత హాయిగా ఉంటాడు. ఎందుకంత హాయో ఇన్నేళ్ళూ అతన్ని మోసిన నాకే తెలియదు.

మా కట్టలో సూర్యుడున్నాడు. ఆయన వస్తే జనం మొహాలు వెలిగిపోతాయి. ప్రేమికులొస్తే పెళ్ళి కానివాళ్ళు సిగ్గుపడతారు, అయినవాళ్ళు అనుమానపడతారు. మృత్యువొస్తే "చావు కాదండీ, మార్పు అన్నమాట" అని నచ్చజెప్పేసరికి చెప్పేవాళ్ళ నోరు ఎండిపోతుంది. నేనొస్తే మాత్రం ఎవరూ నవ్వరు, ఏడవరు. విసుక్కుంటారు. నా అర్థం అలాంటిది. ఆగు, తొందరపడకు, ఉన్నచోటే ఉండి ఇంకో వైపు నుంచి చూడు అని. ఆగగలిగిన మనిషైతే అసలు జోస్యం చెప్పించుకోవడానికి వచ్చేవాడే కాదు కదా!

ఢిల్లీలో ఒక ఇరుకు సందులోని ప్రెస్సులో నన్ను అచ్చేశారు. నన్ను కోసి మూలలు గుండ్రంగా చేసిన పెద్దమనిషి నా బొమ్మను ఒక్కసారైనా చూడలేదు. ఆయన దృష్టంతా టీ గ్లాసు మీదే ఉంది. అక్కడి నుంచి హైదరాబాదులో ఒక పుస్తకాల దుకాణానికి వచ్చాను. ఉద్యోగం వెతుక్కుంటున్న చైత్ర అనే అమ్మాయి మా కట్టను కొనుక్కుని హాస్టలుకు తీసుకెళ్ళింది. "కాల్ ఎప్పుడొస్తుంది?" అని మూడు రోజులు వరసగా అడిగింది. మూడు రోజులూ నేనే వచ్చాను. నాలుగో రోజు మమ్మల్ని పెట్టెలో పెట్టి, సెలవులకు విజయనగరం వెళ్ళినప్పుడు వాళ్ళ పిన్ని చేతిలో పడేసింది.

ఆ పిన్ని పేరు శశిరేఖ. గంటస్తంభానికి కాస్త అవతల బ్యూటీ పార్లర్ నడిపేది. జుట్టుకు రంగు వేశాక అరగంట కూర్చోవాలి. ఆ అరగంటా ఆడవాళ్ళు ఏం చెయ్యాలో తోచక శశిరేఖ బుర్ర తినేవాళ్ళు. ఆవిడ ఫోనులో వీడియోలు చూసి, నోటుబుక్కులో అర్థాలు రాసుకుని, రెండు నెలల్లో టారో నేర్చేసుకుంది. అద్దాల తలుపు మీద "ఐబ్రోస్, ఫేషియల్, హెయిర్ కలర్" అన్న అక్షరాల కింద "టారో చూడబడును" అని కాగితం అంటించింది. రంగు వేయించుకున్నవాళ్ళకు ఒక కార్డు ఉచితం. పద్ధతేమిటంటే, ప్రశ్నను పైకి చెప్పకూడదు, మనసులోనే అనుకుని కార్డు తీయాలి. వీడియోలో అలాగే చెప్పారట.

ఒకసారి ఒక లెక్చరరమ్మకు నేను వచ్చాను. "ఆగమంటున్నాడండీ" అంది శశిరేఖ. "పదకొండేళ్ళ నుంచి ట్రాన్స్‌ఫర్ కోసం ఆగుతూనే ఉన్నాను, ఇతగాడికి కొత్తగా ఏం తెలుసంట?" అని ఆవిడ నన్ను బోర్లా తిప్పేసింది. ఆ మాట న్యాయమే అనిపించి నేను నొచ్చుకోలేదు.

ఇక వరహాలు సంగతి చెప్పాలి.

పార్లర్ పక్క గదిలో జాకెట్లు కుట్టే మనిషి వరహాలు. నలభై ఏడేళ్ళు. కొలతల టేపు ఎప్పుడూ మెడలో వేలాడుతుండేది. ఏ ఒంటికి ఏ కటింగు నప్పుతుందో చూపుతోనే చెప్పేది. నెలకొకసారి మధ్యాహ్నం మిషను ఆపి రంగు వేయించుకోవడానికి వచ్చేది. ఎప్పుడు కార్డు తీయమన్నా "నాకేటి అడగాలుంది" అని నవ్వి ఊరుకునేది. ఆ రోజు మాత్రం తనే అడిగింది.

"శశీ, నాకూ ఓటి తియ్యి."

కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. చాలాసేపు వెతికి, నన్ను పట్టుకుంది.

శశిరేఖ నన్ను ఎత్తి చూపించింది. "ఏటీడు, గబ్బిలంనాగ ఏలాడతన్నాడు?" అంది వరహాలు.

"ఆగమంటున్నాడక్కా. నువ్వు ఏ పనైతే అనుకున్నావో దానికి తొందరపడొద్దట."

వరహాలు ఒక్కసారిగా ఊపిరి వదిలింది. నన్ను చూసి అంత సంతోషపడిన మనిషిని అంతవరకూ నేనెరగను. అతిథి మర్యాద దొరికినట్టు ఉబ్బిపోయాను. ఎవరికైనా పొగడ్త వస్తే ఎందుకు వచ్చిందని ముందు ఆలోచించాలి. అది మనుషులకే కాదు, కార్డులకూ తెలియదు.

నెల తిరిగింది. వరహాలు మళ్ళీ రంగుకు వచ్చింది. మెడ చుట్టూ గుడ్డ కడదామని శశిరేఖ ఆమె ఎడమ చెయ్యి కాస్త ఎత్తింది. వరహాలు "అమ్మో" అని చంక పట్టుకుంది.

"ఏమైందక్కా?"

"ఏటీ నేదు. రొమ్ములో గడ్డలాగుంది. రెండు నెల్లయ్యింది. కార్డుని అడిగినాను గదా, ఆస్పత్రికి ఎల్లాలా ఒద్దా అని. ఆగమన్నావు. ఆగతన్నాను."

శశిరేఖ చేతిలోని గుడ్డ నేలమీద పడింది. నేను కట్టలో నా పక్కవాళ్ళ మధ్య ఇరుక్కుని ఉన్నాను. అయినా ఇంకెక్కడైనా దాక్కోవాలనిపించింది.

"అక్కా, నువ్వు అడిగింది అదా? నాకు తెలీదక్కా. ఈ కార్డుకీ ఏం తెలీదు. ఇది ఉత్త అట్టముక్క. రేపే ఆస్పత్రికి వెళ్దాం."

"అంటే ఇన్నాళ్ళూ అందరికీ అబద్దాలు సెప్పినావా?"

"తెలిసినట్టు చెప్పాను" అంది శశిరేఖ.

వరహాలు నమ్మలేదు. "నీకిప్పుడు బయమేసి అలగంటన్నావు. కార్డు కార్డే" అంది. ఒక నమ్మకాన్ని మనిషి తలలో పెట్టడానికి అరనిమిషం చాలు. తీయడానికి మాత్రం పెట్టినవాళ్ళ మాటే పనికిరాదు. కాసేపటికి నేల చూస్తూ అసలు సంగతి చెప్పింది. "మా పెద్దక్క ఇలగే ఆస్పత్రికి ఎల్లింది శశీ. కోయించుకుంది. మరి ఇంటికి రానేదు."

శశిరేఖ కట్టలోంచి నన్ను వెతికి తీసి బల్లమీద పరిచింది.

"సరే. ఈసారి నేను చెప్పను. నువ్వు కూర్చున్న వైపు నుంచి నువ్వే చూసి చెప్పు, ఏం కనిపిస్తోందో."

వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. శశిరేఖ వైపు నుంచి నా మనిషి వేలాడుతున్నాడు. వరహాలు వైపు నుంచి నిలబడ్డాడు. ఆమె జాకెట్టు కుట్టు చూసినంత జాగ్రత్తగా నన్ను చూసింది.

"ఒంటికాలి మీద నిలబడ్డాడు. రెండో కాలు ఎత్తీసేడు. ముల్లు దిగినోడిలాగున్నాడు."

"ముల్లు దిగితే ఏం చేస్తాం?"

"తీసీస్తాం."

"మరి తీసుకోడేం?"

వరహాలు ఇంకాస్త వంగింది. "సేతులు ఎనక్కెట్టీసుకున్నాడు. ఎలగ తీసుకుంటాడు? ఇంకోలు తియ్యాల."

"నేను వస్తానక్కా" అంది శశిరేఖ.

ఆ రోజు రంగు వేయడం సంగతే ఇద్దరూ మరిచిపోయారు. నా గురించి నోటుబుక్కుల్లో, వీడియోల్లో ఎంతో చెప్పారు. త్యాగం అన్నారు, జ్ఞానం అన్నారు. ముల్లు అన్నది మాత్రం వరహాలు ఒక్కతే.

మర్నాడు పొద్దున్నే రెండు దుకాణాలకీ తాళాలు పడ్డాయి. ఇద్దరూ విశాఖ బస్సెక్కారు. నన్నెందుకు తన చేతిసంచిలో వేసుకుందో శశిరేఖకే తెలియాలి. ఆస్పత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, కాగితం మీద ఏదో రాసి, తలెత్తింది.

"రెండు నెలల నుంచి ఉందంటున్నారు. ఎందుకు ఆగారు?"

శశిరేఖ తల దించుకుంది. సంచిలో ఆమె వేళ్ళు నన్ను నలిపేస్తున్నాయి. నా కుడి మూల మడత అప్పటిదే.

"పెళ్ళిళ్ళ సీజనండి" అంది వరహాలు. "జాకెట్లు ఒప్పుకున్నాను. మానేత్తే మాటపోద్ది."

శశిరేఖ ఆమెవైపు చూసింది. వరహాలు అటు తిరగలేదు.

సూది పరీక్ష చేశారు. ఫలితానికి ఐదు రోజులు ఆగమన్నారు. నన్ను చూస్తేనే విసుక్కునే జనాన్ని ఇన్నాళ్ళూ చూశాను గానీ, ఆగడమంటే ఏమిటో ఆ ఐదు రోజుల్లో తెలిసింది. శశిరేఖ ఒక ఆవిడకు ఒక కనుబొమ్మ సన్నగా, ఒకటి లావుగా చేసింది. వరహాలు ఒకే జాకెట్టుకు రెండు ఎడమ చేతులు కుట్టింది.

వచ్చింది క్యాన్సరే. ముదరకముందే వచ్చారని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేశారు. తర్వాత మందులు ఎక్కించారు. జుట్టంతా రాలిపోయింది. మందు ఎక్కించే ప్రతిసారీ శశిరేఖ పక్కన కూర్చునేది. ఒకరోజు మాత్రం వరహాలు ఏడ్చింది. కుట్టు పడిన చోటు అద్దంలో చూసుకున్న రోజది. శశిరేఖ అద్దం పక్కకు తిప్పలేదు. పక్కన నిలబడింది, అంతే.

శశిరేఖ టారో మానలేదు. మానితే రంగు వేసిన ఆ అరగంట ఎలా గడుస్తుంది? కానీ ప్రశ్నను పైకి చెబితేనే కార్డు తీయనిస్తుంది. ఒంటి సంగతి ఎవరైనా ఎత్తితే కట్ట మూసేస్తుంది.

ఆ కట్టలో నేను లేను. మళ్ళీ మిషను ఎక్కిన రోజు వరహాలు నన్ను అడిగి తీసుకుంది. గోడమీద, బటన్ల డబ్బా పైన, గుండుసూదితో గుచ్చింది. నా మనిషిని నిలబెట్టి గుచ్చింది. చిల్లు పడింది గానీ గాలి బాగా తగులుతుంది. రోజూ పదిమంది ఆడవాళ్ళు నా ఎదుట నిలబడి కొలతలిస్తారు. ఒక్కొక్కరినీ వరహాలు మెల్లగా, డొంకతిరుగుడు లేకుండా, గడ్డలేమైనా తగులుతున్నాయా అని అడుగుతుంది. కొందరు సిగ్గుపడతారు. ఒకావిడ కోపం తెచ్చుకుని జాకెట్టు గుడ్డ తిరిగి పట్టుకుపోయింది. ఇద్దరు మాత్రం ఆస్పత్రికి వెళ్ళారు.

మొన్న కొత్త పెళ్ళికూతురొకతె నన్ను చూసి ముచ్చటపడింది.

"ఇది టారో కార్డు కదాంటీ! దీనికి అర్థమేంటి?"

నేను ఆశగా చూశాను. వరహాలు నోట్లోని గుండుసూది తీసి, టేపు సరిచేసుకుంది.

"దానికేటీ అర్దం నేదమ్మా. సెయ్యెత్తు."