డర్మట్ టూమీ గెలిచిన పందెం

డర్మట్ టూమీకి తనమీద తనకున్న నమ్మకాన్ని ఐర్లండ్‌లోని లిమరిక్ జిల్లా మొత్తానికి పంచినా ఇంకా మిగిలేది. కంచెలు దూకే గుర్రప్పందాల్లో జాకీగా చేరి ఏడాదైంది. గెలిచింది ఒక్కటీ లేదు. గుర్రం మీంచి పడ్డవి మాత్రం జనం నవ్వుకుంటూ చెప్పుకునేవారు. అయినా సరే, జీను ఎక్కిన ప్రతిసారీ ఆ రోజు తనదేననుకునేవాడు.

"ఇవాళ గెలవకపోతే రేపట్నించి నా గుర్రమెక్కేది మా అక్క కొడుకే," అని తేల్చి చెప్పేసింది మిసెస్ లూబీ. ఆవిడకున్నది ఒక్కటే ఆడగుర్రం. డర్మట్‌ను నమ్మి ఎక్కించేది ఆవిడొక్కతే.

"రేపు మీవాణ్ణి పడుకోమనండమ్మగారూ," అన్నాడు వాడు.

ఆ మధ్యాహ్నం పొగమంచు దట్టంగా దిగింది. కంచె మీదికొచ్చేదాకా కనబడటం లేదు. పందెం మూడు చుట్లు. రెండో చుట్టులోనే గుర్రం అందర్నీ దాటేసింది. ఆ సంబరంలో డర్మట్ లెక్క తప్పాడు. ఆ చుట్టు చివర గెలుపు స్తంభం దాటగానే రికాబుల్లో లేచి నిలబడి, కొరడా గాల్లో తిప్పి, గుర్రాన్ని నడకలోకి దించాడు. జనం కేకలు తనకేనని మురిసిపోయాడు.

"ఒరే పెళ్ళికొడకా, ఇంకో చుట్టుందిరా! ఊరేగింపు తర్వాత పెట్టుకో!" అని అరుస్తూ ముదురు జాకీ ఫోలీ పక్కనుంచి దూసుకెళ్ళాడు. వెనకాలే మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు.

డర్మట్‌కు తల కొట్టేసినట్టయింది. గుర్రం మెడ మీదికి వంగి, "తప్పు నాది, కాళ్ళు నీవి. పదవే తల్లీ!" అన్నాడు. కాస్త ఊపిరి తీసుకున్న గుర్రం రెచ్చిపోయింది. అలిసిపోయినవాళ్ళు ఒక్కొక్కరే మంచులో వెనకబడ్డారు. చివరి కంచె దాటాక ఫోలీ కూడా వెనకే మిగిలాడు.

వెంటనే పందెం పెద్దలు పిలిపించారు. లెక్క తప్పి గుర్రాన్ని ఆపిన జాకీకి లైసెన్సు పోతుందని అక్కడ అందరికీ తెలుసు.

"గుర్రానికి ఊపిరి అందాలని మధ్యలో ఆపావు, అంతేగా? భలే ఎత్తు వేశావోయ్!" అన్నాడు పెద్దాయన, తప్పించుకునే దారి తనే చూపిస్తూ. అవునని చెప్పమని తలుపు దగ్గర్నించి మిసెస్ లూబీ కళ్ళతోనే బతిమాలుతోంది.

"ఎత్తూ లేదు, పాడూ లేదండీ. అయిపోయిందనుకున్నా. ఇప్పుడు అవునంటే, రేపింకో యజమాని తన గుర్రంతోనూ అలాగే చెయ్యమంటాడు. నడకలోకి దించి మళ్ళీ తరిమితే పాపం అది మెడ విరుచుకుంటుంది."

గెలుపు గుర్రానికి ఉంచారు. లైసెన్సు మాత్రం పీకేశారు.

"నిజం చెప్పడానికి నీకు నా గుర్రమే దొరికిందట్రా, వెధవా!" అని తిడుతూ తిడుతూనే మిసెస్ లూబీ ఏడ్చేసింది. డర్మట్‌కూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఇప్పుడు వాడు గుర్రాల్ని లారీలో పందాలకు చేరుస్తుంటాడు. మైదానం గేటు దగ్గర కుర్ర జాకీలు, "ఏం బాబాయ్, పందెం అయిపోయిందా?" అని ఏడిపిస్తారు. డర్మట్ లారీ ఆపి, తాపీగా అద్దం దించుతాడు.

"ఆ స్తంభం దగ్గర రెండుసార్లు అందరికన్నా ముందు నేనేరా. ఒకే పందెం రెండుసార్లు గెలిచినవాడు మీలో ఎవడైనా ఉంటే చెయ్యెత్తండి!"

ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.