పాతది పైన, కొత్తది కింద

క్రేన్ పదకొండున్నరకు వస్తుంది. ఆలోగా ఈ నల్లరాయి కింద నీళ్ళుండే అవకాశం ఉందని భూగర్భ శాస్త్రవేత్త అయిన ఆమె రుజువు చేయాలి. లేదంటే బోరు వేసే రిగ్గు విప్పేస్తారు, ఊరికి ఈ వేసవి కూడా ట్యాంకర్లే గతి.

షెడ్డులోని చెక్కపెట్టెల్లో, నూట ఎనభై మీటర్ల లోతుదాకా తవ్వి తీసిన రాతికడ్డీలు బారులుగా ఉన్నాయి. చీఫ్ ఇంజనీరు ఆఖరి పెట్టె మీద వేలు పెట్టాడు.

"పైన నలభై కోట్ల ఏళ్ళ నల్లరాయి, కింద ఆరు కోట్ల ఏళ్ళ గవ్వలరాయా? మనవడి ఒళ్ళో తాత కూర్చున్నాడంటావా అమ్మా? పెట్టెలు తారుమారయ్యాయి, అంతే!"

ఆమె బావ వైపు చూసింది. అక్క మొగుడే రిగ్గు ఫోర్‌మన్. రాయి బయటికి రాగానే దాని పొడవునా ఎరుపు, నీలం గీతలు గీయాలి. నిలబెడితే ఎరుపు కుడివైపుకి రావాలి. తల ఏదో, కాళ్ళేవో తెలిసేది వాటివల్లే. నిన్న వాన ముంచుకొస్తోందని బావ మనుషులు గీతలు లేకుండానే ముక్కల్ని పెట్టెల్లో పడేశారు.

"తప్పు మాదే మరదలా. మీ అక్కకి మాత్రం చెప్పకు."

"ముందు ఈ గండం గట్టెక్కనీ బావా. తర్వాత తీరిగ్గా చెప్తాలే."

గీతలు లేకపోతేనేం? ఒకే రాయి విరిగితే ముక్కలు అతక్కుండా ఎక్కడికి పోతాయి? ఆమె పై పెట్టెలోని చివరి ముక్కనీ, కింది పెట్టెలోని మొదటి ముక్కనీ తీసి ఆనించింది. అతకలేదు. చీఫ్ వాచీ చూసుకున్నాడు. ఒకదాన్ని కొంచెం తిప్పింది. టక్కున కూర్చుంది. వెంట్రుక దూరే సందు లేదు.

"చూడండి సార్. పైన నల్లరాయి, కింద గవ్వలు. నడుమ జానెడు మేర రాయి నలిగి పిండై, మళ్ళీ గట్టిపడింది. గీరుకున్న చారలు రెండు ముక్కల్లోనూ ఒకే వరస."

"రెండింటినీ కలిపి తలకిందులుగా పెట్టి ఉంటేనో?"

"గవ్వలరాతిలో ప్రతి పొరకీ ముతక ఇసుక అడుగున, సన్నది పైన ఉంది. నీళ్ళలో బరువైనదే ముందు దిగుతుంది కదా! ఒకప్పుడు ఇదంతా సముద్రపు గుంట సార్, పొర మీద పొర పేరుకుంది. తర్వాత పక్క నేల నొక్కుకొచ్చింది. ఏడాదికి గోరు పెరిగినంత కూడా కాదు, కానీ లక్షల ఏళ్ళు ఆగలేదు. పాతరాయి ముడుచుకుని, తెగి, జారి ఈ గుంట మీదికెక్కింది. మీరు అడుగు అనుకుంటున్న నల్లరాయి మూత సార్! దాని కింది ఇసుక పొరల్లో నీళ్ళుండొచ్చు."

చీఫ్ ఆ అతుకు మీద గోటితో గీరి చూశాడు. ఫోను తీశాడు.

"క్రేన్‌ని నాలుగింటికి రమ్మను."

బావ అప్పటికే రిగ్గు దగ్గరికి పరుగెత్తాడు.

మూడున్నరకి, నూట తొంభై ఎనిమిదో మీటరు దగ్గర, ఇంజను మోత ఒక్కసారిగా తేలికైంది. ముతక ఇసుక తగిలింది. గొట్టంలో గుడగుడమంది. ముందు బురద, తర్వాత తెల్లటి నీళ్ళు అంచు దాటి పొంగి చీఫ్ బూట్లు తడిపేశాయి. ఆమె దోసిట పట్టి తాగింది. ఉప్పు లేదు.

చీఫ్ మళ్ళీ ఫోను తీశాడు.

"క్రేన్ అక్కర్లేదు. పంపు పంపించండి."