చివరి అంకె

మా టాక్సీ స్టాండులో నా పేరు రేడియో. ఆ పేరు పెట్టింది నా వెనక బండివాడు, పొట్టాయన. రేడియోకైనా మధ్యలో కరెంటు పోతుంది, ఈయనకు అదీ పోదు అనేవాడు. అననీ. మాట్లాడితే తప్పేముంది? నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. జీవితమంతా బండి తోలాను, ఒక్క సొట్ట పడనివ్వలేదు. అలాంటి నాకు ముసలితనంలో నోటి మీద కేసు వచ్చిపడింది.

రవాణా ఆఫీసు వాళ్లు కొత్త నిబంధన పెట్టారు. డ్రైవరు దారి గురించి తప్ప ప్రయాణికులతో ముచ్చట్లు పెట్టకూడదట. ఆ సంగతి రాసిన బోర్డొకటి నా సీటు వెనకాల బిగించారు. దాని కింద ఫిర్యాదు చేసే నంబరు. మూడు ఫిర్యాదులు వస్తే బ్యాడ్జి పోతుంది. బ్యాడ్జి లేనివాడు బండి కడుక్కోవాల్సిందే, మనిషిని ఎక్కించుకోకూడదు. ఎండకు ఆ నంబరులో చివరి అంకె వెలిసిపోయింది. నాకు మంచిదే కదా అని బాగు చేయించలేదు.

అయినా రెండు వచ్చాయి. కోర్టుకు వెళ్తున్న ఒక పెద్దమనిషిని ఏ కేసండీ అని అడిగినందుకు ఒకటి. ఫోన్‌లో తల దూర్చి కూర్చున్న పిల్లకు మెడ నొప్పి పుడుతుందమ్మా అని చెప్పినందుకు ఇంకొకటి. తల తినేశాడని రాసిందట. నాకు ఒళ్లు మండింది. మంచికి పోతే చెడెదురవడమంటే ఇదే. ఆఫీసులో గుమాస్తా అమ్మాయి మాత్రం నా మీద జాలిపడింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు బాబాయ్? ఇంకొక్కటి వచ్చిందంటే బ్యాడ్జి తీసేసుకుంటారు. అప్పుడు నేనేం చెయ్యలేను."

బ్యాడ్జి పోతే తిండి ఎలాగన్నది కాదు నా భయం. ఒక్క పొట్ట ఎలాగో నిండుతుంది. మా ఆవిడ పోయినప్పటినుంచీ ఇంట్లో నేనొక్కణ్నే. ఆవిడ ఉన్నప్పుడు సాయంత్రం ఇంటికి రాగానే ఆ రోజు బండెక్కిన వాళ్ల కథలన్నీ చెప్పేవాణ్ని. ఆవిడ బట్టలు మడతపెడుతూ తర్వాత, తర్వాత అంటూ ఉండేది. ఇప్పుడు ఆ రెండు గదుల్లో ఎవరికి చెప్పను? గోడలకు చెవులుంటాయంటారు, మా ఇంటి గోడలకు అవి కూడా లేవు. పొద్దున లేచింది మొదలు వాటి మధ్య కూర్చోవడమే నా భయం.

అందుకని నోట్లో లవంగం పెట్టుకోవడం మొదలుపెట్టాను. మనిషి ఎక్కగానే ఒక లవంగం బుగ్గన పెట్టి పళ్లు బిగించేవాణ్ని. పొట్టాయన మెచ్చుకున్నాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అంటూ తన బట్టతల నిమురుకున్నాడు. మనుషులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఎవరి కథా నాకు తెలియడం లేదు. ఒక రోజు టీ అడుగుదామని నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. టీ కొట్టువాడు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందని చేత్తోనే చెప్పాను.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం ఆసుపత్రి గేటు దగ్గర నా వయసాయన ఒకరు బండి ఆపారు. ఆయన చేతిలో ఎర్ర తాడున్న తెల్ల సంచీ ఉంది. అందులోంచి ఆడవాళ్ల చెప్పుల జత, కళ్లద్దాల పెట్టె కనబడుతున్నాయి.

ఆ సంచీ నాకు తెలుసు. మా ఆవిడ పోయిన రోజు ఆవిడ వస్తువులు వేసి నాకూ ఇచ్చారు. ఆ రోజు నేను దాన్ని వెనక సీటులో పెట్టి, తలుపు వేసి, ముందుకొచ్చి కూర్చుని మీటరు వేశాను. వెనక తలుపు చప్పుడైతే నా చెయ్యి దానంతటదే మీటరు మీదికి పోతుంది, అలవాటు. సగం దారిలో గానీ చూసుకోలేదు. పెళ్లానికి కూడా మీటరు వేసే రకం అని ఆవిడ ఎప్పుడూ ఎగతాళి చేసేది. ఆపుదామని చెయ్యి చాచాను గానీ, ఆపితే ఆవిడ దిగిపోయినట్టే అనిపించింది. ఇల్లు చేరేదాకా తిరగనిచ్చాను. ఆ దారంతా సంచీతో మాట్లాడుతూనే ఉన్నాను.

ఈయన చిరునామా చెప్పి కూర్చున్నారు. నేను లవంగం బుగ్గన పెట్టుకున్నాను. కొంతదూరం పోయాక "మా ఆవిడ..." అని ఆగిపోయారు. అద్దంలో చూశాను. ఆయన నా వంకే చూస్తున్నారు. ఒక్క ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ పేరేంటండీ అని. నా వంతు వచ్చిన రోజున మంచం నంబరు అడిగారు గానీ, పేరు ఒక్కరూ అడగలేదు. కానీ ఆఫీసు అమ్మాయి మాట గుర్తొచ్చింది, ఆ రెండు గదులు గుర్తొచ్చాయి. లవంగం గట్టిగా కొరికాను.

"మీరేం మాట్లాడరా?" అని అడిగారు ఆయన.

నేను చెయ్యి వెనక్కి పెట్టి బోర్డు చూపించాను. ఆయన అంతా చదివారు. సరేలెండి అన్నారు. వాళ్ల ఇంటి ముందు ఆపబోతుంటే, వీధి ఇంకొక్క చుట్టు తిప్పమన్నారు. ఎందుకో నాకు తెలుసు. తిప్పాను. దిగి, సంచీ గుండెకు ఆనించుకుని గుమ్మం ముందు నిలబడ్డారు. తాళం తీయలేదు. నేను బండి ముందుకు పోనిచ్చాను. బ్యాడ్జి దక్కింది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. ఛీ, నీదీ ఒక నోరేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను. తెల్లవారగానే స్టాండుకు కూడా పోకుండా ఆ ఇంటికి వెళ్లాను. తాళం వేసి ఉంది. పక్కింటావిడ వాకిలి ఊడుస్తోంది. నిన్న సాయంత్రమే ఎవరో బంధువులొచ్చి ఆయన్ని తీసుకుపోయారట. ఎక్కడికో తెలియదట. పోయినావిడ పేరేంటమ్మా అని అడిగాను. తాము కొత్తగా దిగామని, తనకు తెలియదని చెప్పింది.

"ఆయనకు మీరేమవుతారండీ?" అంది.

టాక్సీ డ్రైవర్ని అని చెప్పి వచ్చేశాను.

స్టాండుకొచ్చి లవంగాల డబ్బా పొట్టాయనకు ఇచ్చేశాను. ఉంచుకోమన్నాను. నీకేమైంది రేడియో అని అడిగాడు గానీ, అంతలో నా వంతు వచ్చింది. ఆఫీసు సంచీ తగిలించుకున్న ఒకమ్మాయి ఎక్కింది. తలుపు చప్పుడైంది, మీటరు వేశాను. ఎక్కడికో చెప్పి ఫోన్‌లో తల దూర్చింది. మలుపు తిరిగాం.

"నిన్న నా బండిలో ఒకాయన ఎక్కాడమ్మా," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అమ్మాయి తలెత్తి ముందు నన్ను చూసింది, తర్వాత బోర్డు చూసింది. నేను ఆగలేదు. ఆసుపత్రి గేటు దగ్గర ఎక్కాడని, నా వయసువాడేనని చెబుతూనే ఉన్నాను. ఆమె ఒక్కొక్క అంకే చూసి ఫోన్‌లో నొక్కుతోంది. చివర్లో ఆగిపోయి, ముందుకు వంగి, కళ్లు చికిలించి చూసింది. ఆ అంకె నాకు కంఠతా వచ్చు.

"ఏడమ్మా," అన్నాను. "చివరిది ఏడు. ఇంతకీ ఆయన చేతిలో ఒక తెల్ల సంచీ ఉంది."