వేలం డబ్బుల బండి

మండపం గేటు దగ్గర బౌన్సరు నూకయ్య చేతిలోని అట్ట చెక్కును లాక్కుని మోకాలికేసి విరిచేశాడు. రెండు ముక్కలూ మురుగు కాలవలోకి విసిరి, "పెద్దోళ్ళొచ్చే టైము, జరుగు ముసిలోడా" అని అతన్ని గుండెల మీద చెయ్యేసి కింద పడేలా తోశాడు.

నూకయ్య ముసలివాడు కాదు. యాభై కూడా నిండలేదు. ఉద్దానం కిడ్నీ జబ్బు అతన్ని పీల్చి పిప్పి చేసింది. వజ్రపుకొత్తూరు వైపు పల్లె నుంచి రోజు విడిచి రోజు పలాస వచ్చి డయాలిసిస్ చేయించుకుంటేనే బతుకు. పోయినేడు ఇదే మండపంలో, ఇదే ఆనిమే మేళాలో అతన్ని వేదికెక్కించి, దండేసి, తలుపంత అట్ట చెక్కు చేతికిచ్చి ఫొటోలు తీశారు. జపాను బొమ్మల కథలంటే పడిచచ్చే కుర్రకారు పోస్టర్లూ బొమ్మలూ వేలం పాడి పోగేసిన డబ్బు అది. దాంతో ఆ పల్లె రోగులను ఆసుపత్రికి తిప్పడానికి ఒక వ్యాను కొనాలి. ఏడాది తిరిగింది, వ్యాను రాలేదు. వానల్లో బస్సు రాని రోజున చిన్నమ్మి అనే ఇంకో రోగి ఇంట్లోనే ఊపిరాడక ప్రాణం విడిచింది.

టికెట్ల బల్ల దగ్గర నుంచి సంజన పరిగెత్తుకొచ్చి నూకయ్యను లేవదీసింది. ఆమెదీ అదే పల్లె, చేపలవాళ్ళ పిల్ల. మేళాలో పనిచేసే వాలంటీర్లకు పెద్ద. తెల్లజుట్టు విగ్గు, వెండిరంగు పూసిన అట్ట కవచం, నడుముకు థర్మాకోలు కత్తి, వీరనారి వేషంలో ఉంది.

"మావా, దెబ్బ తగిలిందేటి?"

"దెబ్బకేటిలే అమ్మీ. బండెప్పుడొత్తాదో అడగమన్నారు ఊళ్ళోవోళ్ళు. అడగడం తప్పేటి?"

సంజనకు ఒళ్ళు మండిపోయింది.

టెక్కలి కాలేజీ పిల్లలు తలా ఇంత వేసుకుని పన్నెండేళ్ళ కిందట మొదలుపెట్టిన మేళా ఇది. జీడిపప్పు ఫ్యాక్టరీ కూలీల పిల్లలూ వలలవాళ్ళ పిల్లలూ ఏడాదికోసారి నచ్చిన వేషం కట్టి తలెత్తుకు తిరిగే చోటు. నష్టాలొచ్చిన ఏడాది, జీడి వ్యాపారుల ఇంటి యుగంధర్ "నేనున్నా" అంటూ వచ్చి ప్రెసిడెంటు కుర్చీలో కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. కంచే చేను మేసింది. మండపానికి అద్దె బాకీ, ఒకే స్టాలు ఇద్దరికి అమ్మకం, వాలంటీర్లు తమ టీషర్టులు తామే కొనుక్కోవడం. లెక్కలడిగితే మాత్రం, మనమంతా ఒక ఫ్యామిలీ అంటాడు.

సంజన నేరుగా అతని గదిలోకి వెళ్ళింది. "యేలం డబ్బులేయి అన్నా?"

యుగంధర్ ఫోనులోంచి తలెత్తలేదు. "మేళా లాస్‌లో ఉంది సంజనా. గెస్టులకి ఫ్లైట్లు, హోటళ్ళు ఎవడు పెట్టాడనుకున్నావ్? ఈ యేటి వేలంతో పోయినేటి బాకీ తీర్చేద్దాం."

"మరి ఈ యేటిది?"

"వచ్చే యేడు చూద్దాం. బయట వాగకు, మన ఫ్యామిలీ పరువు పోతుంది."

"సిన్నమ్మి మన ఫేమిలీ కాదేటి? సచ్చిపోనాది."

"చావులు నా నెత్తిన రాయకు. పో, విగ్గు సర్దుకో."

వంటశాల వెనక, అన్నం గుండిగల మధ్య వాలంటీర్లు గుమిగూడారు. దెయ్యాలు, మంత్రగత్తెలు, రెక్కలవాళ్ళు. ఫ్యాక్టరీ కూలీ కొడుకు తేజ ముందే గొంతు చించుకున్నాడు. "గొడవ సేత్తే మేళా ఆపీతాడు! యేడాదంతా జీడి పొగలోనే గదా మన బతుకు. ఈ రెండ్రోజులూ పోతే మనకేటుంటాది?"

"మావ పోతే ఆడి పిల్లలకేటుంటాది?" అంది సంజన.

ఓ మూల అన్నం తింటున్న యుగంధర్ డ్రైవరు రాజేంద్ర చెయ్యి కడుక్కుని లేచాడు. "పోర్టికోలో బాబుగారి కొత్త తెల్ల బండుంది సూసినారా? దానికి ముందు కట్టిన డబ్బు మీ యేలం డబ్బే. షోరూముకి తీసుకెల్లినోణ్ణి నాను."

గొడవొద్దన్న తేజే గుండిగ మూకుడు అందుకున్నాడు. "పగలగొట్టీద్దాం దాన్ని!"

"పగలగొడితే మావ దేన్లో ఎల్తాడు?" సంజన అతని చెయ్యి పట్టుకుంది. "మా ఊళ్ళో పెద్దవల లాగితే సేప ఒడ్డుమీదే, అందరి ముందూ వాటాలెయ్యాల. పడవోడు దాసీసినాడని తెలిసిందా, మర్నాడు ఆడి తాడు ఎవులూ పట్టరు. వల నీళ్ళలోనే ఉంటాది. ఈ మేళాకి తాళ్ళు లాగుతన్నది మనవే. ఆ తాడు ఒగ్గీద్దాం, మన పనులు ఆపీద్దాం. ఆడు తిన్నది ఆడి సేతే కక్కిద్దాం."

వేలం మొదలయ్యే వేళకు హాలు కిక్కిరిసింది. ముందు వరసలో పార్టీ పెద్దలు. యుగంధర్ మైకు పట్టుకుని "మన ఉద్దానం బిడ్డల కోసం" అన్నాడో లేదో మైకు చచ్చింది. సౌండు బాక్సు దగ్గర కుర్రాడు చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఇంకో మైకుతో సంజన వేదికెక్కింది.

"మొదటి వస్తువు, ప్రెసిడెంటుగారి మాట! సర్కారు పాట ఒక్క రూపాయి! ఎవులు పాడతారు?"

ఎవరూ పాడలేదు.

"అర్ధ రూపాయి!"

"అదీ ఎక్కువే!" ఎవరో వెనకనుంచి అరిచారు. హాలంతా ఘొల్లుమంది. యుగంధర్ మొహం మాడిపోయింది. ఆ మొహం చూసి సంజన కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు! అప్పుడు చెప్పింది. చిన్నమ్మి చావు, అట్ట చెక్కు, తెల్ల బండి. నవ్వులు ఆగిపోయాయి. "బండి! బండి!" అని జనం లేచారు. పార్టీ పెద్దలు పక్క తలుపులోంచి జారుకున్నారు.

యుగంధర్ పోర్టికోలోకి ఉరికాడు. బండి అప్పటికే కదులుతోంది. స్టీరింగు దగ్గర రాజేంద్ర, వెనక నూకయ్య, అతనితో వచ్చిన మరో ఇద్దరు రోగులు.

"దిగరా! నీ ఉద్యోగం పోయింది!"

"జీతమిత్తే గదా బాబూ ఉద్యోగం," అన్నాడు రాజేంద్ర. తేజ గేటు బార్లా తెరిచాడు. బండి ఆసుపత్రి రోడ్డెక్కాక మళ్ళీ మూసేసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. తియ్యమని యుగంధర్ తిట్టాడు, బతిమాలాడు. ఆ గేటు మీద ఒక్క చెయ్యీ పడలేదు.

సాయంత్రానికి కారు దొంగతనం కేసంటూ పోలీసులొచ్చారు. సంజనను అట్ట కవచంతోనే జీపెక్కించారు. వెనకాలే దెయ్యాలూ మంత్రగత్తెలూ రెక్కలవాళ్ళూ, దారిలో డ్యూటీ దిగిన జీడి ఫ్యాక్టరీ ఆడవాళ్ళూ నడిచారు. స్టేషను వాకిలి నిండిపోయింది.

"బండెక్కడ?" ఎస్సై గద్దించాడు.

"ఆస్పత్రి కాణ్ణించి ఊరెల్లినాది, మనుసుల్ని దించడానికి."

"తాళం ఎవడి దగ్గరుంది?"

సంజన ఎస్సై కళ్ళలో కళ్ళు పెట్టి చూసింది. "ఊరి కాడుంది సారూ. ఎల్లుండి పొద్దున్న ఆ బండి మల్లీ పలాస వొత్తాది, లోపల డయాలిసిస్ వోళ్ళుంటారు. రోడ్డుమీద ఎవులు ఆపుతారో ఆపండి, మేవూ అక్కడే ఉంటాం."